నల్ల పట్టీలు ఉండనివ్వండి, బొమ్మని సాగదీయకండి

పెద్ద టీవీ కొన్నాక మన ఇళ్లల్లో ఫస్ట్ జరిగే పని ఏంటంటే రిమోట్ తీసుకుని బొమ్మ స్క్రీన్ నిండా వచ్చేదాకా బటన్లు నొక్కడం. పక్కల నల్లగా ఖాళీ కనిపిస్తే ఎవరికీ మనసొప్పదు, ఇంత డబ్బు పోసి కొన్నది నల్లగోడ చూడ్డానికా అంటారు. నేను చెన్నైలో ఉంటాను, ఇక్కడ మన తెలుగువాళ్ల ఇళ్లకి ఎవరింటికెళ్లినా నా కళ్లు ముందు టీవీ మీదకే పోతాయి, అక్కడ ఎవరో ఒకరి మొహం అడ్డంగా సాగిపోయి ఉంటుంది, లేదంటే న్యూస్ ఛానల్లో కింద వెళ్లే స్క్రోలింగ్ తెగిపోయి ఉంటుంది. తెలుగు స్క్రోలింగ్ కింద తెగితే ముందు పోయేవి ఒత్తులే, లక్ష కోట్లు కాస్తా లక కోటు అయిపోతుంది, అయినా అందరూ అలాగే చదివేసుకుంటున్నారు, అలవాటైపోయింది. నాకు మాత్రం అలవాటు కావట్లేదు. అందుకే ఇది కాస్త పెద్దగా రాస్తున్నాను.

లెక్కతో మొదలెడతా, లెక్క తెలిస్తే సగం కోపం తగ్గుతుంది. 55 ఇంచీల టీవీ అంటే ఆ 55 మూల నుంచి మూలకి కొలిచింది. అడ్డం దాదాపు 48 ఇంచీలు, ఎత్తు 27, అదే 16:9 అంటే. పాత సినిమాలు, దూరదర్శన్ కాలం నాటి ప్రోగ్రాములు, పాత సీరియల్స్ ఇవన్నీ 4:3 లేదా దానికి చాలా దగ్గరి షేపులో తీసినవి. వాటిని ఈ టీవీలో ఉన్నదున్నట్టు పెడితే ఎత్తు 27 మొత్తం వాడుకుని అడ్డం 36 ఇంచీలే వస్తుంది, అటో ఆరు ఇటో ఆరు ఇంచీలు నల్లగా మిగులుతాయి. అంటే మీరు అప్పుడు చూసేది 45 ఇంచీల బొమ్మ. అదేం చిన్నది కాదు కదా, ఒకప్పుడు హాల్లో పెట్టుకున్న 21 ఇంచీల డబ్బా టీవీకి డబుల్ కన్నా ఎక్కువ.

ఇప్పుడా ఆరేసి ఇంచీలు నింపాలంటే ఉన్నవి రెండే దారులు. ఒకటి సాగదీయడం, 36 ఇంచీల బొమ్మని లాగి 48 చేయడం, అలా చేస్తే తెరమీద ప్రతి మనిషీ మూడో వంతు వెడల్పెక్కుతాడు. రెండోది జూమ్, అందులో మనుషులు బాగానే ఉంటారు కానీ పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతు స్క్రీన్ దాటి పోతుంది. మూడో దారి ఉందని టీవీ కంపెనీలు పానోరమా, వైడ్ జూమ్ లాంటి పేర్లు పెడతాయి, అవి మధ్యలో తక్కువ సాగదీసి అంచుల్లో ఎక్కువ సాగదీస్తాయి, హీరో పక్కనుంచి నడిచి మధ్యకి వస్తుంటే లావుగా మొదలై సన్నబడుతూ వస్తాడు, కెమెరా పక్కకి తిరిగితే గోడలు వంగిపోతున్నట్టుంటుంది. నా వరకు మూడింట్లో అదే దారుణం, ఎందుకంటే తేడా ఏంటో తెలీకుండానే తలనొప్పి వస్తుంది.

అసలు ఈ గొడవ ఎందుకొచ్చిందంటే చాలా వెనక్కి వెళ్లాలి. మూకీల కాలం నుంచీ సినిమా ఫ్రేమ్ దాదాపు 4:3 షేపులోనే ఉండేది, సౌండ్ వచ్చాక 1932లో హాలీవుడ్‌లో దాన్ని 1.37:1 అని ఖాయం చేశారు. టీవీ వచ్చినప్పుడు ఆ షేపునే తీసుకుంది. తర్వాత అమెరికాలో టీవీ ఇళ్లల్లోకి దూరేసరికి జనం థియేటర్లకి రావడం తగ్గింది, టీవీలో దొరకనిది ఏదో చూపించాలని 1953లో ఫాక్స్ కంపెనీ సినిమాస్కోప్ తెచ్చింది, అంటే స్పెషల్ లెన్స్‌తో బొమ్మని పక్కల నుంచి సగానికి నొక్కి ఫిల్మ్ మీదకి ఎక్కించి, థియేటర్లో ఇంకో లెన్స్‌తో మళ్లీ విప్పి వెడల్పుగా వేయడం. మన తెలుగులో మొదటి స్కోప్ సినిమా 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. ఆ తర్వాత పోస్టర్ల మీద సినిమాస్కోప్ అని పెద్దక్షరాలతో వేసేవాళ్లు, అదే ఒక ఆకర్షణ. ఇక 1980ల్లో హెచ్‌డీ టీవీకి ఏ షేపు పెట్టాలని చర్చ వచ్చినప్పుడు కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు వాడుకలో ఉన్న షేపులన్నీ ఒకే వైశాల్యంతో గీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు, అన్నీ ఇమిడే చట్రం, అన్నిట్లోనూ ఇమిడే చట్రం రెండూ ఇంచుమించు 16:9 షేపులోనే వచ్చాయి. అటు పాత 4:3 కీ ఇటు స్కోప్ 2.35 కీ సరిగ్గా మధ్యలో.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే విషయమంతా ఇక్కడే ఉంది. మన టీవీ షేపు పాత సినిమాకీ సరిపోదు, స్కోప్ సినిమాకీ సరిపోదు, రెండిటికీ మరీ అన్యాయం జరక్కుండా మధ్యలో కుదిర్చిన రాజీ అది. కాబట్టి పాతవి వేస్తే పక్కల పట్టీలు వస్తాయి, స్కోప్ వేస్తే పైనా కిందా వస్తాయి, రావాలి కూడా. పట్టీ కనిపించిందంటే టీవీలో లోపం ఉందని కాదు, బొమ్మ మొత్తం మీ ముందుకి వచ్చిందని.

స్కోప్ సంగతి కూడా లెక్కేస్తే, ఇప్పుడు వస్తున్న పెద్ద సినిమాల్లో చాలావరకు 2.39:1 కదా, 48 ఇంచీల అడ్డానికి ఎత్తు 20 ఇంచీలే వస్తుంది, పైన మూడున్నర కింద మూడున్నర ఖాళీ. జూమ్ కొట్టి నింపితే ఈసారి పక్కల నుంచి పావు వంతు పోతుంది. స్కోప్‌లో తీసేవాళ్లు ఆ వెడల్పు చూసుకునే మనుషుల్ని నిలబెడతారు, ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకళ్లని ఈ చివర ఒకళ్లని ఆ చివర పెడతారు, జూమ్ చేశాక ఇద్దరికీ చెరో చెవి, భుజం తెగి మధ్యలో ఖాళీ గోడ మాత్రం చక్కగా కనిపిస్తుంటుంది. గ్రూప్ డాన్సులైతే చివరి వరసల్లో ఉన్నవాళ్లు లేనట్టే. పాపం వాళ్లూ అంతే కష్టపడి చేసుంటారు.

పాత సినిమాలకి జూమ్ చేసే నష్టం ఇంకా ఎక్కువని నేనంటాను, ముఖ్యంగా మన పౌరాణికాలకి. కిరీటాలు ఎత్తు, గదలు భుజం మీద నుంచి పైకి ఉంటాయి, సింహాసనాల వెనక తోరణాలు, నిలువునా వేసిన సెట్లు. 4:3 షేపు ఎత్తుని బాగా వాడుకునే షేపు, కెమెరామన్ కిరీటం పైన ఇంత జాగా వదలాలి, కింద పాదాలు ఇక్కడ ఆగాలి అని చూసుకుని పెట్టిన ఫ్రేమ్ అది. 1957లో వచ్చిన మాయాబజార్‌ని కెమెరామన్ మార్కస్ బార్ట్లే ఇక్కడే మద్రాసులో, వాహినీ స్టూడియోలో తీశాడు, ఇప్పుడు వడపళనిలో ఆ స్టూడియో స్థలంలో విజయా పేరుతో మాల్ ఉంది, నేను ఆ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఆ ఫ్లోర్ల మీద లైట్లు పెట్టుకుంటూ ఒక్కో ఫ్రేమ్ చూసుకున్నవాళ్లు గుర్తొస్తారు. వాళ్లు అంత శ్రద్ధగా పెట్టిన దాంట్లో నాలుగో వంతుని మనం రిమోట్ మీద ఒక్క బటన్‌తో తీసి పారేస్తున్నాం, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మా పిన్నిది విల్లివాక్కం. వాళ్లింట్లో కొత్త టీవీ బిగించిన అబ్బాయి, పిన్ని అడిగిందని, అంతా ఫుల్‌గా పెట్టేసి వెళ్లాడు. నేను వెళ్లేసరికి సెట్‌టాప్ బాక్స్‌లో ఏదో ఛానల్లో వివాహ భోజనంబు పాట వస్తోంది, ఎస్వీ రంగారావు ముందు లడ్డూలు ఒక్కొక్కటే లేచి నోట్లోకి వెళ్తున్నాయి, ఆ లడ్డూలు పడుకోబెట్టిన కోడిగుడ్లలా ఉన్నాయి. నేను రిమోట్ తీసుకోగానే పిన్ని, "ఏరా, ఫుల్‌గా ఉన్నదాన్ని మళ్లీ చిన్నది చేస్తావా" అంది. "చిన్నది చేయను పిన్నీ, ఆ లడ్డూ ఒక్కటి చూడు, ఏ షేపులో ఉంది?" అన్నాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "అవున్రా, అణిగిపోయుంది" అంది. అంతే, ఆ తర్వాత తనే రిమోట్ లాక్కుని నాతో పాటు మెనూలన్నీ వెతికింది.

మీరూ ఇదే టెస్ట్ చేయండి, గుండ్రంగా ఉండాల్సింది ఏదైనా సరే, చందమామ, బొట్టు, బంతి, ఎదురుగా ఉన్న గోడ గడియారం. అది తెరమీద గుండ్రంగా లేకపోతే ఎక్కడో సాగింది. అనుమానంగా ఉంటే టేపు పెట్టి అడ్డం, నిలువు కొలవండి, అడ్డం నిలువుకి మూడో వంతు ఎక్కువుంటే 4:3 ని 16:9 కి లాగారని తేలిపోతుంది.

పిన్ని వాళ్లింట్లో తేలిందేంటంటే బొమ్మని రెండు చోట్ల పాడు చేస్తున్నారు. బాక్స్ మెనూలో టీవీ షేపు 16:9 అని ఉంది, అది కరెక్టే, కానీ దాని కింద ఇంకో ఆప్షన్‌లో 4:3 ప్రోగ్రాములు వస్తే ఫుల్‌గా సాగదీయమని పెట్టారు. మళ్లీ టీవీలో విడిగా జూమ్ పెట్టారు. బాక్స్ సాగదీసి పంపిస్తే టీవీ దాన్ని ఇంకోసారి కోస్తోంది. వేరే ఇళ్లల్లో దీనికి రివర్స్ కూడా చూశాను, బాక్స్‌లో టీవీ షేపు 4:3 అనే ఉండిపోతుంది, ఎప్పుడో డబ్బా టీవీ ఉన్నప్పుడు పెట్టింది, టీవీ మారినా బాక్స్ మారలేదు. అప్పుడు వెడల్పు ప్రోగ్రాములకి బాక్స్ పైనా కిందా పట్టీలు కలిపి 4:3 లో ఇరికించి పంపిస్తుంది, టీవీ ఏమో దాన్ని అడ్డంగా లాగుతుంది, మనుషులు సాగిపోయి ఉంటారు, పైగా పట్టీలూ ఉంటాయి, రెండు కష్టాలూ ఒకేసారి.

అందుకని నేను అందరికీ చెప్పేది ఒకటే, షేపు సరిచేసే పని ఒక్కరికే అప్పజెప్పండి. టీవీని 16:9 లో పెట్టేసి దాని జోలికి వెళ్లకండి, ఆటో జూమ్ ఉంటే ఆపేయండి. బాక్స్‌లో టీవీ షేపు 16:9, రిజల్యూషన్ 1080, ఇక 4:3 వస్తే ఏం చేయాలన్న దగ్గర పిల్లర్ బాక్స్ (అంటే పక్కల పట్టీలు ఉంచడం) అనో ఒరిజినల్ అనో ఏదుంటే అది పెట్టండి, పేర్లు బాక్స్‌కొకటి ఉంటాయి. తర్వాత రిమోట్ మీద ఆ ఫార్మాట్ బటన్ ఉంది చూశారా, దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి, పిల్లలు ఆడుకుంటూ నొక్కేది అదే.

ఇక ఓవర్‌స్కాన్. స్క్రోలింగ్‌లో ఒత్తులు మింగేది ఇదే, క్రికెట్ చూస్తుంటే కింద స్కోరు పట్టీని సగం కోసేదీ ఇదే. పిక్చర్ ట్యూబ్ టీవీల్లో కరెంటు ఎక్కువ తక్కువలకి బొమ్మ సైజు కొంచెం పెరిగేది తగ్గేది, అంచులు తిన్నగా ఉండేవి కావు, అందుకని బొమ్మని కావాలనే ట్యూబు కన్నా కాస్త పెద్దగా వేసి అంచుల్ని ఫ్రేమ్ వెనక దాచేసేవాళ్లు. ఛానల్ వాళ్లు కూడా అది తెలిసి అక్షరాలు లోపలికి వేసేవాళ్లు. ఎల్‌సీడీ ప్యానెల్‌కి ఆ అవసరమే లేదు, ప్రతి పిక్సెల్ ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది, అయినా చాలా టీవీలు డబ్బాలోంచి తీయగానే ఓవర్‌స్కాన్ ఆన్‌లోనే వస్తున్నాయి. మొత్తం మీద అయిదు శాతం కోస్తుందనుకుందాం, 1920 x 1080 బొమ్మలో మధ్యలోని 1824 x 1026 మాత్రమే తీసుకుని దాన్ని మళ్లీ స్క్రీన్ నిండా పెంచుతుంది. అంటే అంచులు పోవడమే కాదు, మిగతా బొమ్మంతా సాగి కాస్త మసకబారుతుంది. దీని గురించి ఎవరూ చెప్పరు, హెచ్‌డీ ఛానల్ తీసుకున్నా షార్ప్‌గా లేదేంటని ప్యాక్‌ని తిట్టుకుంటారు.

దీన్ని ఆపే ఆప్షన్ ప్రతి కంపెనీ వేరే పేరుతో దాచింది. ఎల్‌జీలో జస్ట్ స్కాన్, శాంసంగ్‌లో స్క్రీన్ ఫిట్ లేదా ఫిట్ టు స్క్రీన్, సోనీలో ఫుల్ పిక్సెల్, షార్ప్‌లో డాట్ బై డాట్, కొన్నిట్లో నేరుగా ఓవర్‌స్కాన్ ఆఫ్ అనే ఉంటుంది. పిక్చర్ సైజు, స్క్రీన్ సెట్టింగ్స్ ఆ చుట్టుపక్కలే వెతకండి. ఒక్కో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి విడివిడిగా మార్చాల్సి రావచ్చు, బాక్స్‌కి మార్చారు కదా అని ఫైర్ స్టిక్‌కి కూడా మారిందనుకోవద్దు.

లాప్‌టాప్‌ని టీవీకి తగిలించేవాళ్లకి ఇంకా ముఖ్యం. మా ఆఫీసులో ఒక తమ్ముడు ఇంటి నుంచి పని చేస్తూ టీవీనే మానిటర్‌గా వాడతాడు, కింద టాస్క్‌బార్ కనిపించట్లేదని రిచీ స్ట్రీట్‌కి వెళ్తే ఒక షాపులో కేబుల్ మార్చమన్నారు, ఖరీదైనది కొన్నాడు, బొమ్మ మాత్రం అలాగే ఉంది. కేబుల్‌కి షేపుతో సంబంధం లేదండీ, కేబుల్ పాడైతే బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుంది లేదా ఆగిపోతుంది, అంచులు కోయదు. తర్వాత వాడే గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో బొమ్మని లోపలికి కుదించే స్లైడర్ ఒకటి పట్టుకుని సర్దాడు, టాస్క్‌బార్ వచ్చింది కానీ అక్షరాలన్నీ అలికినట్టయ్యాయి, ఎందుకంటే లాప్‌టాప్ ఒకసారి కుదిస్తోంది, టీవీ దాన్ని మళ్లీ పెంచుతోంది. "అన్నా, కళ్లు లాగేస్తున్నాయి" అని ఫోన్ చేశాడు. స్లైడర్ సున్నాకి తెచ్చి, టీవీలో ఆ ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చమన్నాను. చాలా టీవీల్లో ఆ పేరు పెట్టగానే ఓవర్‌స్కాన్ దానంతటదే పోతుంది, అక్షరాలు కూడా తేటగా వస్తాయి. వాడికీ అలాగే పోయింది.

జూమ్ ఎప్పుడూ తప్పే అని కాదు, ఒక్క చోట అదే మందు. మన దగ్గర పాత సీడీలు, డీవీడీలు ఉంటాయి కదా, అందులో కొన్ని స్కోప్ సినిమాల్ని డబ్బా టీవీ కోసం పైనా కిందా పట్టీలతో కలిపి 4:3 లోనే రికార్డ్ చేసేశారు. దాన్ని ఇప్పటి టీవీలో పెడితే పక్కల పట్టీలు టీవీ వేస్తుంది, పైనా కిందా పట్టీలు డిస్క్‌లోనే ఉన్నాయి, నాలుగు వైపులా నలుపు, మధ్యలో చిన్న బొమ్మ. అప్పుడు జూమ్ కొడితే పోయేది నలుపే, బొమ్మ పోదు. సినిమా అయ్యాక మళ్లీ 16:9 కి తెచ్చేయండి. ఒకవేళ సబ్‌టైటిల్స్ ఆ కింద పట్టీలో వస్తుంటే మాత్రం జూమ్ వద్దు. మా ఎదురింటి తమిళం ఆంటీ తెలుగు సినిమాలు సబ్‌టైటిల్స్‌తోనే చూస్తారు, వాళ్లబ్బాయి జూమ్ పెట్టి వెళ్లినప్పుడల్లా రెండో లైను కనపడక నన్ను పిలుస్తారు.

నల్ల పట్టీలు ఎక్కువసేపు ఉంటే ప్యానెల్‌కి మచ్చ పడుతుందన్న భయం కూడా ఉంది జనాల్లో. ప్లాస్మా టీవీల కాలంలో అది నిజమే, అందుకే అప్పట్లో కొన్ని సెట్లలో పట్టీల్ని బూడిద రంగులో వేసేవాళ్లు. మామూలు ఎల్‌ఈడీ టీవీకి ఆ బెంగ అక్కర్లేదు.

మన రిమోట్‌తో కానివి కూడా ఉన్నాయి. ఛానల్ వాళ్లో యాప్ వాళ్లో ముందే కోసేసి పంపిస్తే మనం తెచ్చుకోలేం. 2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు సింప్సన్స్ పాత ఎపిసోడ్లని 4:3 నుంచి కోసి వెడల్పుగా పెట్టారు, ఫ్రేమ్ పైనా కిందా ఉన్న జోకులు పోయాయని జనం గట్టిగా గోల చేస్తే 2020 మే నెలలో ఒరిజినల్ షేపులో చూసే ఆప్షన్ ఇచ్చారు. అడిగితే ఇస్తారు అనడానికి ఇది చాలు. మన పాత తెలుగు సినిమాలు కూడా కోసినవే దొరుకుతుంటాయి, గుర్తుపట్టడం తేలికే, గుండ్రనివి గుండ్రంగానే ఉంటాయి కానీ కిరీటాలు, తలలు పైన తగులుతుంటాయి, టైటిల్స్‌లో పేర్లు అంచుకి ఆనుకుని ఉంటాయి. అలాంటిది కనిపిస్తే ఆ యాప్‌లోనే ఫీడ్‌బ్యాక్ పెట్టండి, నేను పెడుతుంటాను.

యూట్యూబ్‌లో ఇంకో రకం, ఫుల్ స్క్రీన్ అని టైటిల్‌లో వేసి 4:3 సినిమాని సాగదీసి ఎక్కించేస్తారు. దీనికి మందుంది. సాగదీశారు కానీ కోయలేదు కాబట్టి బొమ్మ మొత్తం ఉంది, మళ్లీ నొక్కితే సరిపోతుంది. బాక్స్ నుంచో లాప్‌టాప్ నుంచో వస్తుంటే టీవీలో పిక్చర్ సైజు 4:3 అని పెట్టండి, పక్కల నుంచి నొక్కి అసలు షేపుకి తెస్తుంది. టీవీలోనే ఉన్న యాప్ అయితే కొన్ని సెట్లు ఆ ఆప్షన్ ఇవ్వవు. కంప్యూటర్లో ఫైల్ ఉంటే వీఎల్‌సీ ప్లేయర్లో కీబోర్డ్ మీద ఇంగ్లీషు A అక్షరం నొక్కుతూ వెళ్తే షేపులు ఒక్కొక్కటే మారతాయి, 4:3 రాగానే ఆపేయండి.

ఇక పాత సినిమాలు, నాటకాలు, ఇంట్లో పెళ్లి క్యాసెట్లు అప్‌లోడ్ చేసేవాళ్లకి ఒక రిక్వెస్ట్. మీరు చేస్తున్నది చాలా మంచి పని, మీరు ఎక్కించకపోతే అవి ఎక్కడా దొరకవు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ 1920 x 1080 అని ఉంటే దాన్ని 1440 x 1080 కి మార్చి ఎక్స్‌పోర్ట్ చేయండి, అది సరిగ్గా 4:3. పట్టీలు మీరు కలపక్కర్లేదు, నింపక్కర్లేదు, ఎవరు ఏ స్క్రీన్‌లో చూస్తే దానికి తగ్గట్టు యూట్యూబే సర్దుకుంటుంది.